సాక్షి మిగిలితేనే పతకం

1939 సెప్టెంబరు 4. బ్రిటన్ జర్మనీ మీద యుద్ధం ప్రకటించి ఒక్క రోజే అయింది. ఇంగ్లండు తూర్పు భాగంలోని వాటిషామ్ స్థావరం నుంచి పది బ్లెన్‌హైమ్ బాంబరు విమానాలు లేచాయి. వాటిలో అయిదు 110వ స్క్వాడ్రన్‌వి, అయిదు 107వ స్క్వాడ్రన్‌వి. విల్‌హెల్మ్స్‌హావెన్ రేవు దగ్గర లంగరేసి ఉన్న జర్మన్ యుద్ధనౌకల్ని దెబ్బతీయడం వాటి పని. ఈ 110వ స్క్వాడ్రన్ పేరులోనే 'హైదరాబాద్' ఉంది. 1918లో, మొదటి ప్రపంచ యుద్ధం చివరి నెలల్లో, ఆ స్క్వాడ్రన్‌కి విమానాలు కొనిచ్చింది మన నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్. ఒక్కొక్క విమానం మీదా హైదరాబాదు నిజాం కానుక అని రాసి, వరసగా నంబర్లు వేశారు. ఆ యుద్ధం ముగిసినా స్క్వాడ్రన్‌కి ఊరి పేరు నిలిచిపోయింది.

ఆ రోజు మబ్బు బాగా కిందికి దిగి ఉంది. కెన్నెత్ డోరాన్ అనే ఫ్లయిట్ లెఫ్టినెంట్ ముందుండి నడిపించాడు. హైదరాబాద్ స్క్వాడ్రన్ విమానాలు మబ్బు కిందనుంచి ఒక్కసారిగా నౌకల మీదికి వచ్చేసరికి జర్మన్ నావికులు ఇంకా తేరుకోలేదు. బాంబులు పడ్డాయి. కొన్ని నౌకకి తగిలి కూడా పేలలేదు. అయిదింటిలో నాలుగు విమానాలు తిరిగొచ్చాయి. వెనకనే 107వ స్క్వాడ్రన్ వచ్చింది. అప్పటికి నౌకల మీద ఫిరంగులన్నీ మేలుకున్నాయి. ఆ అయిదింటిలో తిరిగొచ్చింది ఒక్కటే.

డోరాన్‌కి డీఎఫ్‌సీ, అంటే డిస్టింగ్విష్డ్ ఫ్లయింగ్ క్రాస్ ఇచ్చారు. ఆ యుద్ధంలో ఇచ్చిన మొట్టమొదటి డీఎఫ్‌సీల్లో అదొకటి. ఆయన దానికి పూర్తిగా తగినవాడు. అయితే ఆ మధ్యాహ్నం మేలుకున్న ఫిరంగుల్లోకి ఎగిరింది 107వ స్క్వాడ్రన్. అక్కడ ఎవరు ఏం చేశారో, ఎవరు చివరి క్షణం దాకా విమానాన్ని తిన్నగా పట్టి ఉంచారో చెప్పడానికి స్థావరానికి చేరినవాళ్ళు దాదాపు లేరు. బాంబరు సిబ్బంది పతకాల చరిత్ర మొదటి రోజు నుంచీ ఇదే తీరులో నడిచింది. ఈ అధ్యాయంలో నేను చెప్పదలచుకున్నది కూడా ఇదే. పతకాల జాబితాని ధైర్యవంతుల జాబితాగా చదవకూడదు. దాన్ని ఒక గణితవేత్త చదివినట్టు చదవాలి.

ముందు పతకాల సంగతి కొంత తెలియాలి. డీఎఫ్‌సీ 1918 జూన్‌లో మొదలైంది. అది వెండి సిలువ. దాని రిబ్బన్ మీద తెలుపు, ఊదా రంగుల ఏటవాలు చారలు ఉంటాయి. అది అధికారులకీ, వారెంట్ అధికారులకీ ఇచ్చేది. అదే విమానంలో, అదే రాత్రి, అదే పని చేసిన సార్జంటుకి మాత్రం సిలువ లేదు. అతనికి డీఎఫ్‌ఎం అనే అండాకారపు వెండి పతకం ఇచ్చేవారు. పైలట్ సార్జంటు, నావిగేటర్ అధికారి అయితే, విమానాన్ని ఇంటికి తెచ్చినవాడికి పతకం, దారి చూపినవాడికి సిలువ. ఈ తేడాని బ్రిటన్ 1993లో గానీ తీసేయలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో డీఎఫ్‌సీలు 20 వేలకు పైగా ఇచ్చారు. డీఎఫ్‌ఎంలు 6,600 పైచిలుకు. బాంబర్లలో చాలావరకు సార్జంట్లే ఉండేవారని గుర్తుంచుకుని ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూడండి. ఇది అన్యాయమని చెప్పడానికి నాకేమీ సంకోచం లేదు.

దీనికన్నా లోతైన నిబంధన ఇంకొకటి ఉంది. శత్రువు ఎదుట చూపిన సాహసానికి, చనిపోయినవాడికి ఇవ్వదగినవి ఆ రోజుల్లో రెండే. ఒకటి అన్నిటికన్నా పెద్దదైన విక్టోరియా క్రాస్. రెండోది అన్నిటికన్నా చిన్నదైన గౌరవం, అధికార నివేదికలో పేరు ప్రస్తావించడం. మధ్యలో ఉన్న డీఎఫ్‌సీ, డీఎఫ్‌ఎం, డీఎస్‌ఓ (డిస్టింగ్విష్డ్ సర్వీస్ ఆర్డర్) ఇవేవీ చనిపోయినవాళ్ళకి ఇవ్వకూడదు, బతికుండగానే సిఫారసు వెళ్ళి ఉంటే తప్ప. 1979 దాకా ఇదే నియమం. పైగా చాలా డీఎఫ్‌సీలు ఏదో ఒక రాత్రి చేసిన సాహసానికి కాక, 30 దాడుల విడత పూర్తిచేసినందుకు ఇచ్చినవి. విడత పూర్తికావాలంటే ముందు బతికుండాలి.

ఆ 30 పూర్తికావడం ఎంత కష్టమో చూద్దాం. 1943-44 చలికాలంలో జర్మనీ మీదికి వెళ్ళిన బ్రిటిష్ బాంబర్లలో ఒక్కో దాడికి నూటికి నాలుగైదు తిరిగి వచ్చేవి కావు. నూటికి నాలుగే అనుకుందాం. అంటే ఒక డబ్బాలో పాతిక చీటీలున్నాయి, అందులో ఒకటి నల్లది. ప్రతి రాత్రీ ఒక చీటీ తీసి, చూసి, మళ్ళీ అందులోనే వేయాలి. ఒక్క రాత్రికి భయపడాల్సిందేమీ లేదనిపిస్తుంది, 24 చీటీలు తెల్లవే కదా. కానీ 30 సార్లూ తెల్లదే రావాలి. 0.96ని 30 సార్లు గుణిస్తే వచ్చేది 0.29. అంటే నూటికి 29 మంది. నష్టం నూటికి అయిదైతే ఆ 29 కాస్తా 21కి దిగుతుంది. ఒక్క శాతం తేడాకి వందమందిలో ఎనిమిది ప్రాణాలు.

మొత్తం లెక్క కూడా ఈ గుణకారం చెప్పినట్టే తేలింది. బ్రిటిష్ బాంబర్ కమాండ్‌లో పనిచేసిన విమాన సిబ్బంది సుమారు 1,25,000 మంది. వాళ్ళంతా స్వచ్ఛందంగా చేరినవాళ్ళే. బ్రిటన్ వాళ్ళతోపాటు కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, పోలండ్, ఇంకా ఎన్నో దేశాలవాళ్ళు. వాళ్ళలో 55,573 మంది చనిపోయారు. నూటికి 44 మంది. సగటు వయసు ఇరవై రెండు అటూ ఇటూగా ఉండేది. 1944 మార్చి 30 రాత్రి న్యూరెంబర్గ్ మీదికి 795 విమానాలు వెళ్ళాయి, 95 తిరిగి రాలేదు. వెన్నెల రాత్రి అది. ఒక దేశపు యుద్ధవిమాన దళం నెలల తరబడి పోరాడి కోల్పోయేటంతమంది ఆ ఒక్క రాత్రిలో పోయారు.

వాళ్ళు కూర్చున్న చోటు ఎలాంటిదో కూడా చెప్పాలి. 20 వేల అడుగుల ఎత్తులో గాలి ఒత్తిడి నేలమీద ఉన్నదాంట్లో సగానికన్నా తక్కువ. ఆక్సిజన్ గొట్టం ఊడితే పది నిమిషాల్లో బుద్ధి మసకబారుతుంది. విచిత్రం ఏమిటంటే ఆ మసకబారడం బాధగా ఉండదు, హాయిగా ఉంటుంది. అందుకే అది అంత ప్రమాదం. బయట చలి సున్నాకి దిగువన 25 డిగ్రీలు, చలికాలంలో అంతకన్నా ఎక్కువ. ల్యాంకాస్టర్ విమానంలో ఏడుగురుండేవాళ్ళు. తోకచివర గాజు టరెట్‌లో కూర్చునే గన్నర్ మిగతా ఆరుగురికీ దూరంగా, వెనక్కి తిరిగి, ఆరేడు గంటలు ఒంటరిగా ఉండేవాడు. చాలామంది తోక గన్నర్లు ఎదురుగా ఉన్న అద్దాన్ని కోసి తీసేయించుకున్నారు. అద్దం మీద ఒక్క మరక ఉన్నా, చీకట్లో వస్తున్న శత్రు విమానం ఏదో మరక ఏదో తేల్చుకునేలోపే ప్రాణం పోతుంది. స్పష్టంగా చూడటం కోసం ఆ మంచుగాలిని ముఖాన భరించారు. దీనికి పతకం లేదు. ఇది రోజువారీ పని.

ఇప్పుడు అట్లాంటిక్ దాటి న్యూయార్క్‌కి వెళదాం. కొలంబియా విశ్వవిద్యాలయంలో యుద్ధ అవసరాల కోసం గణాంకవేత్తల బృందం ఒకటి పనిచేస్తుండేది. అందులో అబ్రహాం వాల్డ్ ఉన్నాడు. 1902లో, అప్పటి ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలో, నేటి రుమేనియాలోని క్లూజ్ నగరంలో పుట్టిన యూదుడు. నాజీల బారినుంచి తప్పించుకుని అమెరికా చేరాడు. ఆయన ముందున్న ప్రశ్న ఇది: దాడికి వెళ్ళి తిరిగొచ్చిన విమానాల మీద తూటా రంధ్రాలున్నాయి, వాటిని లెక్కపెట్టవచ్చు, కూలిపోయినవాటిని లెక్కపెట్టలేం. మరి ఒక్క దెబ్బ తగిలితే విమానం కూలిపోయే అవకాశం ఎంతో చెప్పగలమా?

1943లో రాసిన నివేదికల్లో వాల్డ్ ఒక నమూనా లెక్క చేశాడు. 400 విమానాలు వెళ్ళాయనుకుందాం. 380 తిరిగొచ్చాయి. వాటిలో 320కి ఒక్క దెబ్బా లేదు. 32కి ఒక్కో దెబ్బ, 20కి రెండేసి, నాలుగింటికి మూడేసి, రెండింటికి నాలుగేసి, ఇంకో రెండింటికి అయిదేసి దెబ్బలు. కూలినవి 20. అవి ఎన్ని దెబ్బలకి కూలాయో చూసినవాళ్ళు లేరు.

దెబ్బ తగలకుండా ఏ విమానమూ కూలలేదని అనుకుందాం. అప్పుడు దెబ్బ తిన్నవి మొత్తం 80. ప్రతి దెబ్బకీ తట్టుకునే అవకాశం ఒకటే అనుకుని, అది నూటికి 85 అని పెట్టి చూడండి. మొదటి దెబ్బకి 80లో 68 నిలుస్తాయి. వాటిలో 32 అక్కడితో బతికి ఇంటికొచ్చాయి, మిగతా 36కి రెండో దెబ్బ తగిలింది. దానికి దాదాపు 31 నిలుస్తాయి. 20 ఇంటికొచ్చాయి, 11 మూడో దెబ్బ తిన్నాయి. తొమ్మిది నిలిచాయి, నాలుగు ఇంటికొచ్చాయి, అయిదు నాలుగో దెబ్బ తిన్నాయి. వాటిలో నాలుగు నిలిచాయి, రెండు ఇంటికొచ్చాయి. మిగతా రెండూ అయిదో దెబ్బ కూడా తిని ఇంటికొచ్చాయి. లెక్క సరిపోయింది. 85 బదులు 80 పెట్టినా 90 పెట్టినా చివర్లో కుదరదు. వాల్డ్ సమీకరణం ఇచ్చే కచ్చితమైన జవాబు 0.851. ఎవరూ చూడని 20 విమానాల కథ తిరిగొచ్చిన విమానాల లోపలే దాగి ఉందన్నమాట.

ఆ తర్వాత ఆయన విమానం భాగాలవారీగా అదే లెక్క వేశాడు. తూటాలు విమానం అంతటా ఇంచుమించు సమానంగా తగులుతాయి కదా. అలాంటప్పుడు తిరిగొచ్చిన వాటిలో ఇంజను దగ్గర రంధ్రాలు తక్కువగా కనిపిస్తే, అక్కడ తూటాలు తగల్లేదని కాదు, అక్కడ తగిలిన విమానాలు తిరిగి రాలేదని అర్థం. రంధ్రాలు లేనిచోటే కవచం కావాలి. యుద్ధ గణితంలో ఇంత చిన్న మాటలో ఇంత పెద్ద సత్యం ఇంకొకటి నాకు కనబడలేదు.

వాల్డ్ పేరు మన గణాంక విద్యార్థులకి కొత్తది కాదు. పరికల్పనల్ని పరీక్షించే మూడు ప్రధాన పద్ధతుల్లో ఒకటి వాల్డ్ పరీక్ష, ఇంకొకటి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివిన మన కల్యంపూడి రాధాకృష్ణారావు 1948లో ఇచ్చిన స్కోర్ పరీక్ష. పుస్తకాల్లో ఈ రెండు పేర్లూ జంటగా కనిపిస్తాయి. 1950 చివర్లో భారత ప్రభుత్వం ఆహ్వానం మీద ఉపన్యాసాలివ్వడానికి వాల్డ్ భార్యతో కలిసి మనదేశం వచ్చాడు. డిసెంబరు 13న వాళ్ళెక్కిన ఎయిరిండియా విమానం నీలగిరి కొండల్లో కూలిపోయింది. ఇద్దరూ చనిపోయారు.

పతకాల జాబితాని వాల్డ్ కళ్ళతో చదవమని నేనడిగేది ఇందుకే. పతకం కూడా తిరిగొచ్చిన విమానం మీది రంధ్రం లాంటి సాక్ష్యమే. అది పుట్టాలంటే ఎవరో ఒకరు చూడాలి, చూసినవాడు బతకాలి, బతికినవాడు వచ్చి చెప్పాలి.

జేమ్స్ వార్డ్ సంగతి చూడండి. న్యూజిలాండ్ కుర్రాడు, సార్జంటు, 75వ స్క్వాడ్రన్‌లో రెండో పైలట్. 1941 జులై 7 రాత్రి మున్‌స్టర్ నుంచి తిరిగొస్తుండగా శత్రు విమానం కాల్పులకి కుడి ఇంజను దగ్గర పెట్రోలు గొట్టం తెగి మంటలేచింది. విమానం వెల్లింగ్టన్. 13 వేల అడుగుల ఎత్తు. లోపలి నుంచి ఆర్పడానికి చేసిన ప్రయత్నాలేవీ ఫలించలేదు. వార్డ్ నడుముకి తాడు కట్టుకుని, పైకప్పు కిటికీలోంచి బయటికి దిగాడు. అక్కణ్ణుంచి రెక్క మీదికి చేరి, కాన్వాసు గుడ్డతో మంటని అదిమి ఆర్పాడు. గుడ్డని రంధ్రంలో కుక్కితే గాలి లాక్కుపోయింది. కానీ చుట్టుపక్కల అంటుకునేదంతా అప్పటికే కాలిపోవడంతో మంట ఇక పాకలేదు. తాడు పట్టుకున్న నావిగేటర్ సాయంతో వార్డ్ వెనక్కి పాకి వచ్చాడు. విమానం ఇల్లు చేరింది.

ఎలా సాధ్యమైంది? ధైర్యం ఒక్కటే చాలదు, వేళ్ళకి పట్టు దొరకాలి. వెల్లింగ్టన్ నిర్మాణాన్ని రూపొందించిన బార్న్స్ వాలిస్ దాని ఒంటిని తేలికైన లోహపు పట్టీల జాలీతో అల్లాడు, పైన గుడ్డ కప్పాడు. వార్డ్ బూటుతో, చేత్తో గుడ్డని చించుకుంటూ, జాలీలో వేళ్ళూ కాళ్ళూ ఇరికించుకుంటూ రెక్క దాకా వెళ్ళాడు. విమానం నిర్మాణమే ఆయనకి నిచ్చెన అయింది. ఆయనకి విక్టోరియా క్రాస్ వచ్చింది. రెండు నెలలు తిరిగీ తిరక్కుండా, సెప్టెంబరు 15న, హాంబర్గ్ మీద ఆయన విమానం కూలిపోయింది. ఆ రెండో రాత్రి ఆయన ఏం చేశాడో ఏ పతకపు ప్రశంసాపత్రంలోనూ లేదు.

మూడేళ్ళ తర్వాత నార్మన్ జాక్సన్ అలాంటి పనికే పూనుకున్నాడు. ఫ్లయిట్ ఇంజనీరు, సార్జంటు, 106వ స్క్వాడ్రన్. తన 30 దాడులూ అప్పటికే పూర్తిచేశాడు. తోటివాళ్ళకి ఇంకా మిగిలి ఉన్నాయని వాళ్ళతోపాటు మళ్ళీ బయల్దేరాడు. 1944 ఏప్రిల్ 26 రాత్రి, ష్వైన్‌ఫుర్ట్. కుడి రెక్క మీద పెట్రోలు ట్యాంకు పక్కన మంట. జాక్సన్ మంటలార్పే సీసాని చొక్కాలో దోపుకుని, పైలట్ తలమీదున్న తలుపు తీసి బయటికి పాకాడు. అంతలో ఆయన పారాచూట్ విమానం లోపలే విచ్చుకుంది. ముగ్గురు తోటివాళ్ళు దాని తాళ్ళు చేతుల్లో పట్టుకుని, ఆయన ముందుకి జరిగేకొద్దీ కొంచెం కొంచెంగా వదిలారు.

ల్యాంకాస్టర్ రెక్కకి గుడ్డ లేదు, జాలీ లేదు. నున్నటి లోహపు రేకు. వేగం గంటకి 200 మైళ్ళు. 20 వేల అడుగుల ఎత్తులో గాలి సాంద్రత నేలమీద ఉన్నదాంట్లో ఇంచుమించు సగమే. అయినా లెక్కవేస్తే, ఎదురుగా నిలబడ్డ మనిషి మీద ఆ గాలి తోపుడు సుమారు 150 కిలోల బరువంత ఉంటుంది. బోర్లా పడుకుంటే అందులో సగం అనుకుందాం. జాక్సన్ జారి, రెక్క అంచున గాలి లోపలికి పోయే సందుని పట్టుకుని వేలాడాడు. సీసా పోయింది. మంటలు ముఖాన్నీ చేతుల్నీ కాల్చాయి. పట్టు తప్పింది. అంటుకున్న పారాచూట్‌తో నేలమీద పడి, చీలమండ విరిగి, కాలిన చేతులతో తెల్లారేసరికి మోకాళ్ళ మీద పాకి దగ్గరి ఊరు చేరాడు. పది నెలలు ఆస్పత్రి, ఆపైన ఖైదు. పైలట్టూ తోక గన్నరూ చనిపోయారు. మిగతా నలుగురూ పారాచూట్లతో దూకి ఖైదీలయ్యారు.

జాక్సన్ చేసిన పని 1945 దాకా బ్రిటన్‌లో ఎవరికీ తెలియదు. ఖైదు శిబిరాలనుంచి విడుదలై వచ్చిన ఆ నలుగురూ చెబితే తెలిసింది. ఆ నలుగురూ కూడా విమానంతోపాటే కాలిపోయి ఉంటే, రెక్క మీదికి పాకిన మనిషి పేరు తప్పిపోయినవారి జాబితాలో ఒక వరస మాత్రమే అయ్యుండేది.

ఆండ్రూ మైనార్‌స్కీ విషయంలో సాక్షి మిగలడం ఇంకా అసంభవం. కెనడా గన్నర్, 1944 జూన్‌లో ఫ్రాన్సులోని కాంబ్రే మీద. విమానం అంటుకుంది, దూకమని పైలట్ చెప్పాడు. తోక టరెట్‌లో ప్యాట్ బ్రోఫీ ఇరుక్కుపోయాడు. మైనార్‌స్కీ దూకకుండా మంటల్లోంచి వెనక్కి పాకి, గొడ్డలితో, ఉత్త చేతులతో టరెట్‌ని తెరవబోయాడు. బట్టలంటుకున్నాయి. నువ్వు పొమ్మని బ్రోఫీ సైగచేశాడు. మైనార్‌స్కీ వెళ్ళేముందు అతనికి సెల్యూట్ చేసి దూకాడు. కాలిన గాయాలతో చనిపోయాడు. విమానం నేలని గుద్దుకున్నప్పుడు టరెట్ విడిపోయి, లోపలున్న బ్రోఫీ బతికాడు. చచ్చిపోవలసిన మనిషి బతికాడు కాబట్టి 1946లో మైనార్‌స్కీకి విక్టోరియా క్రాస్ వచ్చింది. టరెట్ అలా విడిపోని విమానాలు ఎన్ని! వాటిలో ఎంతమంది మైనార్‌స్కీలు!

ఈ మాట ఊహ మాత్రమే అనిపిస్తే, రూర్ లోయ ఆనకట్టల దాడిని చూడండి. 1943 మే 16 రాత్రి 617వ స్క్వాడ్రన్ నుంచి 19 ల్యాంకాస్టర్లు, 133 మంది. బార్న్స్ వాలిస్ రూపొందించిన, నీటిమీద ఎగిరెగిరి పడే బాంబుని నిమిషానికి 500 చుట్లు వెనక్కి తిప్పి, నీటికి 60 అడుగుల ఎత్తునుంచి వదలాలి. ఎనిమిది విమానాలు పోయాయి. 53 మంది చనిపోయారు, ముగ్గురు ఖైదీలయ్యారు, 77 మంది తిరిగొచ్చారు. పతకాలు 34 మందికి. ఆ 34 మందీ తిరిగొచ్చిన 77లోని వాళ్ళే. చనిపోయిన 53 మందికి ఆ రాత్రికి గాను ఏమీ లేదు. వాళ్ళలో జాన్ హాప్‌గుడ్ ఉన్నాడు. విమానం అంటుకున్నాక, తోటివాళ్ళు దూకడానికి చాలినంత ఎత్తు దొరకాలని చివరి క్షణాల్లో విమానాన్ని పైకి లేపాడు. ఇద్దరు బతికారు. కళ్ళారా చూసినవాళ్ళున్నా, నిబంధన ప్రకారం ఆయనకి ఇవ్వగలిగినవి పైనున్న ఒక్కటీ కిందనున్న ఒక్కటీ. పైది ఇవ్వలేదు.

సరే, ఎవరు తిరిగొచ్చారు, ఎవరు రాలేదు అన్నది ధైర్యాన్ని బట్టో నేర్పుని బట్టో తేలిందా? దీన్ని లెక్కగట్టినవాడు ఫ్రీమన్ డైసన్. తర్వాతికాలంలో పేరుపడ్డ భౌతికశాస్త్రవేత్త. 1943 జులైలో, 19 ఏళ్ళ వయసులో, హై వికమ్ దగ్గరున్న బాంబర్ కమాండ్ కార్యాలయంలో గణాంకాల పనికి చేరాడు. దాడులు చేసినకొద్దీ సిబ్బంది ఆరితేరతారు, కనక బతికే అవకాశం పెరుగుతుంది అని అధికారులు అందరికీ చెప్పేవాళ్ళు. డైసన్ లెక్కలు తీస్తే 1944 నాటికి అది నిజం కాదని తేలింది. 25 దాడులు చేసినవాళ్ళకీ, కొత్తవాళ్ళకీ ప్రమాదం ఒకటే. కారణం ఆ తర్వాత బయటపడింది. జర్మన్ రాత్రి యుద్ధవిమానాలకి తుపాకులు పైకి గురిపెట్టి ఏటవాలుగా బిగించారు. అవి బాంబరు పొట్ట కిందికి నిశ్శబ్దంగా చేరి పైకి కాల్చేవి. ల్యాంకాస్టర్‌లోంచి పొట్ట కిందికి చూసే కిటికీ లేదు. కనిపించనిదాన్నించి ఎంత అనుభవమున్నా తప్పించుకోలేరు.

అదే కార్యాలయంలో తేలిన ఇంకో అంకె నన్ను చాలా బాధపెట్టింది. కూలిన అమెరికన్ బాంబర్లలోంచి పగటిపూట సగం మంది దూకి బతికేవాళ్ళు. హాలిఫాక్స్, స్టెర్లింగ్ వంటి బ్రిటిష్ బాంబర్లలోంచి నూటికి 25 మంది. ల్యాంకాస్టర్‌లోంచి 15 మంది. ల్యాంకాస్టర్ దూకుడు తలుపు వెడల్పు 22 అంగుళాలు, హాలిఫాక్స్‌ది 24. మందపాటి బట్టలు, పారాచూట్ కట్టుకుని, చీకట్లో, గింగిరాలు తిరుగుతున్న విమానంలోంచి దూరాల్సిన మనిషికి ఆ రెండంగుళాలు బతుకూ చావూ. డైసన్ సహోద్యోగి మైక్ ఓలాఫ్లిన్ ఆ తలుపుని పెద్దది చేయించడానికి రెండేళ్ళు పోరాడాడు. చేసేసరికి యుద్ధం ముగింపుకి వచ్చేసింది. ఒక వడ్రంగి కొలబద్దతో ఆగిపోయే చావుల్ని ఆపలేదు. రికార్డుల్లో ఇది సాహసం విభాగంలోకి రాదు, ఇంజనీరింగ్ విభాగంలోకి వస్తుంది. నా దృష్టిలో ఓలాఫ్లిన్ ఫైలుకి ఒక పతకం బాకీ ఉంది.

ఇక ఆ చీటీల లెక్క లోలోపలే అర్థమై, ఇక ఎగరలేను అన్నవాళ్ళు. వాళ్ళ కాగితాల మీద 'లాక్ ఆఫ్ మోరల్ ఫైబర్', అంటే మనోనిబ్బరం లేదు, అని రాసి, ఛాతీ మీది రెక్కల గుర్తు పీకేసి, స్థావరం నుంచి పంపేసేవారు. పది, ఇరవై దాడులు చేసి కుప్పకూలినవాళ్ళు కూడా వాళ్ళలో ఉన్నారు. ఇరవై రాత్రులు ధైర్యంగా ఉండి ఇరవై ఒకటో రాత్రి విరిగినవాణ్ణి పిరికివాడనడం శాస్త్రం కాదు, న్యాయం అంతకన్నా కాదు. ఓర్పుకి కూడా అలసట ఉంటుందని ఇవాళ ఏ వైద్యుడైనా చెబుతాడు.

ఆ రోజుకారోజు ఓర్పుని గుర్తించిన విక్టోరియా క్రాస్ కూడా ఒకటుంది, అది లెనర్డ్ చెషైర్‌ది. ఒక్క రాత్రి సాహసానికి కాక, నాలుగేళ్ళలో చేసిన వంద దాడులకి 1944లో ఇచ్చారు. నూటికి నాలుగు లెక్కన వంద దాడులు దాటి బతికే అవకాశం వందకి రెండు కూడా లేదు. 1945 నవంబరులో రాజుగారి చేతిమీదుగా చెషైర్, జాక్సన్ ఒకే రోజు పతకాలు అందుకోవాల్సి వచ్చింది. చెషైర్ గ్రూప్ కెప్టెన్, హోదాలో ఎంతో పెద్ద. తనకన్నా ముందు జాక్సన్‌కి ఇవ్వాలని ఆయన కోరాడు.

బాంబులు పడ్డ చోటుని మరచి ఈ కథ చెప్పకూడదు. ఆనకట్టలు తెగిన రాత్రి వరదలో సుమారు 1,300 మంది చనిపోయారు. సగం మందికి పైగా జర్మన్లు కూడా కారు, బలవంతంగా పట్టుకొచ్చిన విదేశీ కూలీలూ ఖైదీలూ. 1943 జులైలో హాంబర్గ్ మంటల్లో పోయినవాళ్ళు ముప్పై వేలు దాటారు. జర్మన్ నగరాల్లో మొత్తం లక్షల్లో. చూసినవాళ్ళు కూడా పోతే చరిత్ర మౌనంగా ఉంటుందన్న లెక్క నేలమాళిగల్లో ఊపిరాడక చనిపోయిన కుటుంబాలకీ వర్తిస్తుంది. ఎగిరినవాళ్ళ ధైర్యాన్ని గౌరవిస్తూనే, నగరాల మీద నిప్పు కురిపించమన్న నిర్ణయం తప్పని చెప్పవచ్చు. నేను రెండూ చెబుతున్నాను.

యుద్ధం అయ్యాక బాంబర్ కమాండ్‌కి ప్రత్యేక పతకం ఇవ్వలేదు. లండన్ గ్రీన్ పార్క్‌లో స్మారకం లేచింది 2012లో. 2013లో బ్రిటిష్ ప్రభుత్వం 1939-45 స్టార్ అనే పతకం రిబ్బన్ మీద పెట్టుకునే చిన్న లోహపు పట్టీని మంజూరు చేసింది. దానిమీద బాంబర్ కమాండ్ అని ఉంటుంది. చనిపోయినవాళ్ళ కుటుంబాలు కూడా అడిగి తీసుకోవచ్చు. దానికి సాక్షి అక్కర్లేదు, సిఫారసు అక్కర్లేదు, సార్జంటుకీ గ్రూప్ కెప్టెన్‌కీ ఒకటే పట్టీ. ఆ మనిషి దాడికి వెళ్ళాడన్నది రికార్డులో ఉండాలి. అది వచ్చేసరికి యుద్ధం ముగిసి 68 ఏళ్ళయింది.